ఎన్ని రెట్లు, ఎంత బరువు కింద? – హైడ్రోజెళ్ళలో నీరూ బలమూ



మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక కట్టిన బేనరు మీదా ఉంది. నేను మాత్రం మాస్టారు అనే అంటాను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు మరోలా పిలవగా నేను వినలేదు. నర్సీపట్నంలో ఆయన కెమిస్ట్రీ చెప్పిన రోజుల్లో ల్యాబులో ఒక నియమం ఉండేది. పరీక్షనాళికలో ఏం జరిగిందో చెప్పే ముందు ఎంత జరిగిందో చెప్పాలి. రంగు మారిందండీ అంటే ఊరుకునేవారు కారు. ఎంత పోశావు, ఎంతసేపటికి మారింది, పక్క బెంచీవాడికీ అంతే వచ్చిందా అని వరసగా అడిగేవారు. అప్పట్లో దాన్ని చాదస్తం అనుకున్నాం. తర్వాత ఉద్యోగాల్లో చేరాక, ఆ చాదస్తం లేనివాళ్ళతో పనిచేయడం ఎంత కష్టమో తెలిసింది. శిష్యులు తలా కొంత వేసుకుని ఆయన పేరిట ఈ ఉపన్యాస నిధి ఏర్పాటు చేశారు. విగ్రహం పెట్టే ఆలోచన మానుకుని ఉపన్యాసం పెట్టడం మంచిపనే అయింది. విగ్రహాన్ని ఎవరూ ప్రశ్నలు అడగరు, నన్ను మాత్రం మీరు అడగవచ్చు.

విషయం నన్నే ఎంచుకోమన్నారు. హైడ్రోజెళ్ళ గురించి మాట్లాడతానంటే, కార్డు అచ్చువేయించే మిత్రుడు ఫోన్లో, దానికీ మన ఊరికీ ఏం సంబంధమండీ అన్నాడు. ఉంది. బరువైన సంబంధమే. ఆ మాటతోనే మొదలుపెడతాను. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ హైడ్రోజెల్ గురించి విన్నా మనం మొదట అడిగేది, ఎన్ని రెట్లు నీరు పీలుస్తుందని. అది సగం ప్రశ్న. ఏ నీళ్ళలో, ఎంత బరువు కింద, చీలకుండా ఎంతవరకు అన్న మిగతా సగం అడగకపోతే, ఆ మొదటి అంకె రైతునూ మోసం చేస్తుంది, శాస్త్రవేత్తనూ మోసం చేస్తుంది.

1. కొండ మీది బంక

ఇక్కడి నుంచి ఏజెన్సీ వైపు ఎక్కుతుంటే రాతి గుట్టల మీద నున్నటి పాలిపోయిన మానుతో, ఎండలకు ఆకు రాల్చేసి నిలబడే చెట్టు ఒకటి ఉంది. తపసి చెట్టు. వృక్షశాస్త్రంలో స్టెర్కూలియా యురెన్స్. బెరడుకు గాటు పెడితే జిగురు ఊరి, గాలికి ఆరి, గడ్డ కడుతుంది. దాన్నే తపసి బంక అంటాం. ప్రపంచ వ్యాపారంలో దాని పేరు గమ్ కరాయ. ఒకప్పుడు ఇరాన్ వైపు నుంచి వచ్చే ట్రాగకాంత్ బంకకు బదులుగా వాడుకలోకి వచ్చింది కాబట్టి ఇండియన్ ట్రాగకాంత్ అని కూడా అన్నారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, మన నోట జీసీసీ, గిరిజనుల దగ్గర కొనే అటవీ ఫలసాయాల్లో ఇది పేరున్న సరుకు. వెనకటికి గొడ్డలితో లోతుగా నరికి బంక తీసేవారు. చెట్టు చచ్చిపోయేది. చిన్న గాటుతో, బెరడు మళ్ళీ పూడేలా బంక తీయడం నేర్పిన పనిలో 1994లో విశాఖపట్నంలో ఏర్పడిన కోవెల్ ఫౌండేషన్‌కు పెద్ద వాటా ఉంది.

ఈ బంక గడ్డను నలగ్గొట్టి చల్లటి నీళ్ళలో వేయండి. ఉప్పులా కరగదు, రాయిలా ఉండిపోదు. ఉబ్బుతుంది. మొదటి పరిమాణానికి 60 నుంచి 100 రెట్ల దాకా ఉబ్బుతుందని గ్రంథాలు రాస్తున్నాయి. ఉబ్బిన ఆ ముద్ద చేతికి తడి తగులుతుంది గానీ కారిపోదు. నీటిని పట్టుకుని, ఆకారం నిలుపుకునే పదార్థం. హైడ్రోజెల్ అంటే అంతే. పెద్ద పట్టణంలో ల్యాబులో పుట్టిన వస్తువని మనం అనుకుంటాం, మన గిరిజనులు సంతకు మోసుకొచ్చే బుట్టలో అది ఎప్పటినుంచో ఉంది. మలబద్ధకానికి మందుగా వాడేదీ, కట్టుడు పళ్ళను చిగుళ్ళకు అతికించేదీ, పేగు శస్త్రచికిత్స అయినవాళ్ళ పొట్ట మీద సంచి అంటించడానికి వాడేదీ ఇదే బంక. మూడు పనుల్లోనూ దాని ఉద్యోగం ఒకటే. నీరు తాగాలి, అయినా చెదిరిపోకూడదు.

మరి ఎందుకు కరిగిపోదు? తపసి బంక గొలుసులు చాలా పెద్దవి, అణుభారం కోటి దాటుతుంది. ఆ గొలుసుల మీద అక్కడక్కడా అసిటైల్ గుంపులు ఉంటాయి. అవి ఉన్నంతకాలం గొలుసులు ఒకదాన్నొకటి వదిలి పూర్తిగా విడిపోవు. కాస్త క్షారం కలిపి ఆ అసిటైల్ గుంపులను తీసేశారనుకోండి, బంక కరుగుతుంది. అప్పటిదాకా రేణువులుగా ఉబ్బి ఉన్నది తీగలు సాగే ద్రవం అవుతుంది. నీటి మీద ప్రేమ పెరిగింది, పట్టు పోయింది.

గోదాములో పాత బస్తా విప్పితే వెనిగర్ వాసన కొట్టడం మీలో కొందరికి అనుభవమే. ఆ అసిటైల్ గుంపులు ఊడి అసిటిక్ ఆమ్లంగా బయటికి వస్తున్న వాసన అది. నిలవ ఉన్నకొద్దీ, ముఖ్యంగా పొడి కొట్టి తేమలో వేడిలో ఉంచితే, బంక చిక్కదనం పడిపోతుంది. చూపుకు మాత్రం పెద్ద తేడా ఉండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

మన కొండల్లోనే కొండగోగు చెట్టు బంక కూడా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ విభాగంవారు దాని నిర్మాణం మీదా, నీళ్ళలోని విషలోహాలను పట్టుకునే శక్తి మీదా 2008 ప్రాంతం నుంచి వరసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు. దాని జోలికి ఇవాళ వెళ్ళను. వెళ్తే మనం భోజనానికి లేవం.

2. ముడి చేసే రెండు పనులు

మనిషి చేతుల్లో తయారై పేరు తెచ్చుకున్న మొదటి హైడ్రోజెల్ కథ ప్రాగ్ నగరానిది. ఒట్టో విఖ్టర్లే, ద్రహోస్లావ్ లిమ్ అనే ఇద్దరు 1960లో నేచర్ పత్రికలో, శరీరంలో వాడదగ్గ నీరు పట్టే జెళ్ళ గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. 1961 క్రిస్మస్ రోజుల్లో విఖ్టర్లే తన ఇంట్లో, పిల్లల బొమ్మల సెట్టుతో తిరిగే యంత్రం కట్టుకుని, ఆ జెల్‌తో మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పోశాడు. ఇవాళ కంటిలో పెట్టుకునే సాఫ్ట్ లెన్సుకు మూలపురుషుడు ఆ పదార్థమే. అందులో నీరు దాదాపు 38 శాతం. ఎండబెట్టి ఉంచితే లేత్ మీద చెక్కేంత గట్టి ప్లాస్టిక్, తడిపితే కనుగుడ్డు మీద ఆనేంత మెత్తన.

జెల్ లోపల ఏముంది? పొడవాటి పాలిమర్ గొలుసులు. వాటిని అక్కడక్కడా కలిపి కట్టిన ముడులు. రసాయనశాస్త్రంలో క్రాస్‌లింకులు అంటారు, నేను ముడులు అంటాను. గొలుసులకు నీరంటే ఇష్టం, నీటిలోకి విచ్చుకోవాలని చూస్తాయి. గొలుసుల మీద విద్యుదావేశం ఉంటే, దానికి జోడుగా లోపల చిక్కుకున్న సోడియం లాంటి అయాన్లు నీటిని మరింత గట్టిగా లోపలికి లాగుతాయి. ముడులు లేకపోతే ఈ విచ్చుకోవడానికి అంతు ఉండదు, చివరికి మిగిలేది ద్రావణం. ముడులు ఉన్నాయి కాబట్టి, విచ్చుకున్నకొద్దీ గొలుసులు సాగి, వెనక్కి లాగడం మొదలుపెడతాయి. లోపలికి గుంజే బలమూ, వెనక్కి లాగే బలమూ సమానమైన చోట ఉబ్బడం ఆగుతుంది. ఈ మాటను 1943లో పాల్ ఫ్లోరీ, జాన్ రేనర్ సమీకరణంగా రాశారు. ఫ్లోరీకి 1974లో నోబెల్ వచ్చింది.

విద్యార్థులు ఇక్కడ కాస్త నిదానంగా వినాలి. జెల్‌ను వేలితో నొక్కితే ఎదురు తిరిగేది ఏది? అదే సాగిన గొలుసు, అదే ముడి. అంటే ఎంత ఉబ్బాలో నిర్ణయించేదీ ముడులే, ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించేదీ ముడులే. నీరు ఎక్కువైంది కాబట్టి బలం తగ్గిందని మనం అనేస్తాం. నిజానికి ముడులు తక్కువ కాబట్టి నీరూ పెరిగింది, గట్టిదనమూ తగ్గింది. పోనీ ఏదైతేనేం అనుకోకండి. కారణం ఎక్కడుందో తెలియకపోతే మందు ఎక్కడ వేయాలో తెలియదు. నీటికీ బలానికీ పుట్టుకతో శత్రుత్వం ఉందని నమ్మినవాడు, నీరు తగ్గించడం తప్ప మరో దారి వెతకడు. ఆ నమ్మకమే ఈ రంగాన్ని చాలాకాలం ముందుకు కదలనివ్వలేదని నా అభిప్రాయం.

3. కొంచెం లెక్క

గణితం అంటే భయపడేవాళ్ళు రెండు నిమిషాలు ఓపిక పట్టండి. నాలుగైదు అంకెలే చెబుతాను.

ఒకే పాలిమర్‌తో రెండు జెళ్ళు చేశారు. రెండోదాంట్లో ముడులు రెట్టింపు. రెండింటినీ నీళ్ళలో పడేసి, ఇక ఉబ్బదు అన్నదాకా ఉంచారు. ముడులు రెట్టింపైతే నీరు సగమవుతుందా? అవదు. ఆదర్శమైన అల్లికకు లెక్కవేస్తే మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. గట్టిదనం మాత్రం సుమారు రెండున్నర రెట్లకు పెరుగుతుంది. తిరగేసి చెబితే, రెట్టింపు నీరు పట్టే జెల్ కావాలంటే గట్టిదనంలో నాలుగైదు వంతులకు ఒక వంతే మిగులుతుంది. బేరం ఎటు వాలిందో చూశారుగా. కాస్త ఎక్కువ నీటి కోసం చాలా ఎక్కువ గట్టిదనం ఇచ్చుకుంటున్నాం.

ఇప్పుడు రెండో ప్రయోగం. జెల్ ఒక్కటే, ముడులు మార్చలేదు. తయారైనప్పటి కంటే ఎనిమిది రెట్లు ఉబ్బింది. గట్టిదనం ఎంత పడింది? సగానికి. అంతే! వేర్వేరు జెళ్ళను పోల్చిన మొదటి లెక్కలో అదే ఎనిమిది రెట్ల తేడాకు గట్టిదనం అరవై నాలుగో వంతుకో, ఇంకా కిందకో పడుతుంది. నీరే అసలు దోషి అయితే రెండు చోట్లా ఒకే శిక్ష పడాలి కదా. పడలేదు. ఆవేశం ఎక్కువగా ఉన్న కొన్ని జెళ్ళలో అయితే, గొలుసులు చివరంటా సాగిపోయాక, ఇంకా ఉబ్బినకొద్దీ జెల్ తిరిగి గట్టిపడుతుంది కూడా.

నీరే స్వయంగా మెత్తబరిచే ఘట్టం లేకపోలేదు. విఖ్టర్లే లెన్సు ఎండినప్పుడు గాజులా ఉంటుందన్నాను. తొలి విడత నీరు చేరగానే గొలుసులు కదలగలిగి, గట్టిదనం వేలవంతుల్లో పడిపోతుంది. అది ఎండు పదార్థం తడి పదార్థంగా మారే గడప. ఆ గడప దాటాక మాత్రం పెత్తనం ముడులదే.

ఇంకొక చిన్న సంగతి చెప్పి ముందుకు పోతాను. జెల్ ఉబ్బడానికి పట్టే కాలం దాని సైజు వర్గాన్ని బట్టి ఉంటుంది. రేణువు వ్యాసం రెట్టింపైతే నాలుగింతల సేపు పడుతుంది. మసాచుసెట్స్‌లో తొయోయిచి తనాకా, ఫిల్మోర్ 1979లో తేల్చిన సంగతి ఇది. అందుకే రెండు బంకలను పోల్చేటప్పుడు ఒకే జల్లెడలో పోసి పోల్చాలి. లేకపోతే పొడి నలిగిన తీరును బంక నాణ్యత అనుకుంటాం.

4. ఉప్పు, బరువు, మట్టి

ఇక్కడ తాండవ ఆయకట్టు రైతులు ఉన్నారు, మెట్ట మీద జీడితోటలు ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఈ భాగం ముఖ్యంగా వాళ్ళ కోసం.

1970లలో అమెరికా వ్యవసాయ శాఖవారి పియోరియా పరిశోధనశాలలో మొక్కజొన్న పిండికి పాలిమర్ గొలుసులు అతికించి, తన బరువుకు వందల రెట్లు నీరు పట్టే పదార్థం చేశారు. సూపర్ స్లర్పర్ అని ముద్దుపేరు పెట్టారు. ఆ వంశంలోని సోడియం పాలీఅక్రిలేటే ఇవాళ పసిపిల్లల డైపర్లలో ఉన్న పొడి. స్వచ్ఛమైన నీటిలో అది 300 రెట్లు, ఇంకా పైన కూడా పడుతుంది. అదే పొడిని లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో వేయండి, 30 నుంచి 60 రెట్ల దగ్గర ఆగిపోతుంది. బయట కూడా అయాన్లు ఉన్నప్పుడు, లోపలి అయాన్లకు నీటిని గుంజే పని లేకుండా పోతుంది. మూత్రం ఉప్పునీరే కదా. డైపరు కవరు మీద స్వచ్ఛమైన నీటి లెక్క వేసినవాడు అబద్ధం చెప్పలేదు, నిజం కూడా చెప్పలేదు.

మరో చిక్కు బరువు. బిడ్డ కూర్చుంటుంది. మెత్తటి జెల్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయి, నీరు లోపలికి పోయే దారులు మూసేస్తాయి. పరిశ్రమవాళ్ళు దీనికి తెలివైన ఉపాయం పట్టారు. రేణువు నడిమధ్యలో ముడులు తక్కువగా ఉంచి, పైపొరలో మాత్రం ఎక్కువ వేస్తారు. నడుమ భాగం తాగుతుంది, పైపొర నిలబెడుతుంది. మొత్తం పీల్చే అంకె కాస్త తగ్గినా, బరువు కింద పీల్చే అంకె పెరుగుతుంది. వాళ్ళ కొలత పట్టికలో ఈ రెండో అంకెకు ప్రత్యేకమైన గడి ఉంటుంది. సరుకు కొనేవాడు ముందు చూసేది ఆ గడినే.

ఇక పొలం. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా హైడ్రోజెల్ గురించి మీరు వినే ఉంటారు. సెల్యులోజ్ ఆధారంగా చేసింది, మంచి శాస్త్రమే. తన బరువుకు 350 రెట్లయినా నీరు పడుతుందని చెబుతారు, హెక్టారుకు రెండున్నర నుంచి ఐదు కిలోలు వేయమంటారు. మాస్టారి పద్ధతిలో ఎంత అని అడుగుదాం. ఐదు కిలోలే వేశాం అనుకోండి, ఎకరానికి రెండు కిలోలు. రెండు కిలోలు 350 రెట్లు పడితే 700 లీటర్లు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు దాటుతుంది. అంటే ఆ జెల్ ఒక్క తడవ పట్టి ఉంచే నీరు, మిల్లీమీటరు వానలో ఐదో వంతుకు కూడా చాలదు!

వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వకండి, జెల్ పనికిరాదని నేను అనడం లేదు. విత్తనం పడే చాలులో వేర్ల దగ్గరే వేస్తే, తడిసినప్పుడల్లా నింపుకుని, ఎండినప్పుడల్లా వదిలి, పలుమార్లు అదే పని చేస్తే దానికి విలువ ఉంది. నేను అనేది, 350 అన్న అంకె ఆ విలువను చెప్పదు. పలుమార్లు ఉబ్బి తగ్గినా ముడులు తెగకుండా ఉన్నాయా అన్నది చెబుతుంది. మన బోరు నీళ్ళలోని కాల్షియం దాన్ని ఏం చేస్తుందన్నది చెబుతుంది. కాల్షియం అయాను ఒక్కోటి రెండు గొలుసులను పట్టుకుని కొత్త ముడి వేస్తుంది. జెల్ బిగుసుకుంటుంది, నీరు తగ్గుతుంది, ఏళ్ళు గడిచినకొద్దీ రాయైపోతుంది. పైనున్న మట్టి బరువూ లెక్కలోకి రావాలి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంవారు గాజు పూసలను మట్టిగా పేర్చి, అందులో జెల్ ఎలా ఉబ్బుతుందో కంటికి కనబడేలా చేసిన ప్రయోగం 2021లో వచ్చింది. పైన బరువు తక్కువైతే జెల్ పూసలనే పక్కకు జరిపి ఉబ్బింది. బరువు పెంచితే ఉన్న ఖాళీల్లో సర్దుకుని చాలా తక్కువ ఉబ్బింది. బీకరులో కొలిచిన రెట్లు జానెడు లోతు మట్టిలో చెల్లవు.

మన రాష్ట్రంలో ఈ పని లేకపోలేదు. వాన ముఖం చూడని అనంతపురంలో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పాలిమర్ విభాగంలో, 2000ల మొదట్లోనే అక్రిలమైడ్ ఆధారంగా నీరు నిలిపే జెళ్ళు చేసి, ముడుల మోతాదుతోనూ ఉప్పులతోనూ ఉబ్బుదల ఎలా మారుతుందో కొలిచారు. నీటి కరువున్న జిల్లాలో నీరు పట్టే పదార్థం మీద పనిచేయడం కంటే సహజమైన పరిశోధన ఏముంటుంది? ఆ పత్రాలు మన కళాశాలల సెమినార్లలో ఎందుకు చదవరో నాకు ఎప్పటికీ అర్థం కాదు. విదేశీ పేర్లున్న పత్రాలను మాత్రం చదివిస్తాం.

5. చీలికకు ఎదురు నిలవడం

ఇప్పటిదాకా గట్టిదనం గురించే మాట్లాడాను. గట్టిగా ఉన్నదల్లా మొండిగా ఉంటుందనుకోవద్దు. గాజు గట్టిది, గీత పడితే పగులుతుంది. ముడులు పెంచితే జెల్ గట్టిపడుతుంది, దాంతోపాటు పెళుసూ అవుతుంది. 1967లో లేక్, థామస్ రబ్బరు మీద దీని కారణం విప్పారు. చీలిక ముందుకు పోవాలంటే దానికి అడ్డంగా ఉన్న గొలుసు తెగాలి. గొలుసు పొడవుగా ఉంటే, తెగే ముందు దాని పొడుగునా ఉన్న బంధాలన్నీ సాగి శక్తి మింగుతాయి. ముడులు దగ్గరైతే గొలుసు పొట్టిది, మింగే శక్తి తక్కువ. ఇక ఇరుకు చూడండి. ముడులు పెంచితే పెళుసు, తగ్గిస్తే మెత్తన. మామూలు జెల్‌ను చీల్చడానికి చదరపు మీటరుకు 10 జౌళ్ళ లోపు శక్తి చాలు. అందుకే చాలాకాలం హైడ్రోజెల్ అంటే బరువు మోయని వస్తువు అనే ముద్ర.

ఈ ముద్రను 2003లో జపాన్‌లోని హొక్కైదో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం చెరిపేసింది. ముందు బిగువైన, పెళుసైన అల్లిక ఒకటి చేశారు. దాన్ని మరో పాలిమర్‌గా మారే మోనోమర్ ద్రావణంలో ఉబ్బించి, లోపలే రెండో అల్లికను, ముడులు బాగా తక్కువగా, పెంచారు. వచ్చిన జెల్‌లో నీరు 90 శాతం. నొక్కితే 17 మెగాపాస్కళ్ళ దాకా పగలలేదు. ఎలాగంటే, మన అమ్మమ్మలు కుట్టిన బొంతలో లోపలి చీకిన చీర అక్కడక్కడా చిరుగుతున్నా పైచీర పట్టి ఉంచినట్టు, పెళుసైన మొదటి అల్లిక చీలిక చుట్టుపక్కలంతా ముక్కలుగా తెగి శక్తిని మింగుతుంది. సాగే రెండోది మొత్తాన్ని విడిపోకుండా పట్టుకుంటుంది. తెగడమే మొదటిదాని ఉద్యోగం అన్నమాట. నీరు తగ్గించకుండానే మొండితనం వచ్చింది. నీరూ బలమూ శత్రువులు కావనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

2012లో హార్వర్డ్‌లో సువో, వ్లాసాక్ బృందం మరో మెట్టు ఎక్కింది. సముద్రపు పాచి నుంచి తీసే ఆల్జినేట్‌ను కాల్షియంతో ముడివేసి, పాలీఅక్రిలమైడ్ అల్లికతో జతచేశారు. ఆ జెల్ తన పొడవుకు 20 రెట్లు సాగింది, చీల్చడానికి చదరపు మీటరుకు 9,000 జౌళ్ళ దాకా పట్టింది. ఇక్కడ తెగేవి కాల్షియం ముడులు, అవి తెగినా మళ్ళీ వేసుకోగలవు. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. నా సందేహం ఒకటుంది, ఎవరికీ కొత్త కాదు. ఆ జెల్‌ను ఉప్పునీళ్ళలో కొంతకాలం నానబెట్టి అప్పుడు సాగదీయమనండి. సోడియం వచ్చి కాల్షియాన్ని మెల్లగా తోసేస్తుంది, జెల్ ఇంకా ఉబ్బుతుంది, మొండితనం జారిపోతుంది. శరీరంలో ఉండేది ఉప్పునీరే. ఏ నీళ్ళలో అన్న ప్రశ్న హార్వర్డ్‌లో అయినా తప్పదు.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన జెల్ మన మోకాట్లో ఉంది. ముందు వరస పెద్దలు కాళ్ళు చాపుకుని వినవచ్చు. ఎముక చివరన ఉండే మృదులాస్థిలో 70, 80 శాతం నీరే. రుణావేశం నిండిన ప్రోటియోగ్లైకాన్లు నీటిని గుంజుతాయి. కొలాజెన్ పోగులు ఇక చాలు అని బిగించి పట్టుకుంటాయి. ఈ రెండింటి పెనుగులాటలో పుట్టిన ఒత్తిడి మీదే, నడిచేటప్పుడు ఒంటి బరువుకు రెండు మూడింతలు పడినా కీలు నిలుస్తుంది. నీరు అక్కడ బలహీనత కానే కాదు, బరువు మోసేదే ఆ నీరు. కీళ్ళవాతం మొదలయ్యే దశలో జరిగేది ఏమిటో తెలుసా? మృదులాస్థి ఎండిపోతుందని చాలామంది అనుకుంటారు. తొలిదశలో జరిగేది తలకిందులు. కొలాజెన్ అల్లిక సడలుతుంది, మృదులాస్థి ఇంకా ఎక్కువ నీరు తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పీల్చే రెట్లే గొప్ప అనుకుంటే, అరుగుతున్న మోకాలికి మొదటి బహుమతి ఇవ్వాల్సి వస్తుంది.

6. ఇక్కడ చేయగలిగింది

మళ్ళీ తపసి బంక దగ్గరికి. ఈ బంకను కొనేటప్పుడు రకాలు కట్టేది ప్రధానంగా రంగునూ, కలిసిన బెరడునూ చూసి. పాలిపోయిన తెలుపైతే మొదటి రకం, ఎరుపు తిరిగితే కిందిది. బెరడు ఏరడం సబబే. రంగు మాత్రం ఆ బంక ఎంత ఉబ్బుతుందో, ఉబ్బి ఎంత నిలుస్తుందో సరిగా చెప్పదు. వెనిగర్ వాసన సంగతి గుర్తుంది కదా. చూపుకు తెల్లగా ఉండి, గోదాములో మగ్గి పట్టు కోల్పోయిన బంకకు ఎక్కువ ధర, నిన్న తీసిన ఎర్ర బంకకు తక్కువ ధర పలికే వీలుంది. చెట్టెక్కి గాటు పెట్టిన మనిషికి ఇందులో న్యాయం లేదు.

ఉబ్బుదలనూ పట్టునూ కొలవడానికి లక్షల రూపాయల యంత్రం అవసరం లేదు. ఒక గ్రాము బంక పొడిని, ఒకే జల్లెడలో పోసింది, వంద మిల్లీలీటర్ల కొలజాడీలో నీళ్ళలో వేసి ఒక రోజు ఉంచితే ఎంత ఎత్తుకు ఉబ్బిందో కంటితో చదవవచ్చు. అదే పని ఉప్పునీటితోనూ, మన బోరు నీటితోనూ చేయాలి. ఉబ్బిన ముద్ద మీద సైకిల్ బేరింగు గుండ్లను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒక్కొక్కటే నిలిపి, ఏ గుండు మునిగిందో రాసుకోవాలి. అది గట్టిదనానికి మొరటు కొలతే, కానీ రెండు నమూనాలను పోల్చడానికి చాలు. పొలానికి వేసే జెల్ పొడి అయితే టీ సంచిలో పోసి నానబెట్టి, పది నిమిషాలు వేలాడదీసి, తూచడం పరిశ్రమలో కూడా వాడే పద్ధతే. బరువు కింద కొలవాలంటే అడుగున జాలీ ఉన్న గొట్టం, పైన చదరపు సెంటీమీటరుకు 21 గ్రాముల చొప్పున బరువు. డైపర్ల పరిశ్రమ మొదటి మెట్టుగా వాడే బరువు అదే.

కళాశాల యాజమాన్యానికి నా విన్నపం: బీఎస్సీ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా దీన్ని పెట్టండి. కొత్త బంక, ఆరు నెలలు నిలవ ఉన్న బంక, వానలు తగిలిన బంక తెప్పించి, ఏ మండలంలోది, ఏ నెలలో తీసింది రాసి, పట్టిక కట్టించండి. అంకెలు వచ్చాక ఆ పట్టికను జీసీసీ అధికారులకు ఇచ్చి, కొనుగోలు చీటీలో రంగు పక్కన ఉబ్బుదలకు ఒక గడి పెట్టమని అడగండి. బంక తీసే గిరిజనులకు కూడా సంతలో చదివి వినిపించండి, తమ సరుకు ఏమిటో వాళ్ళకే ముందు తెలియాలి. ఇక రైతు మిత్రులు, రేపు ఎవరైనా వచ్చి ఇన్ని వందల రెట్లు నీరు పడుతుందని సంచీ చూపిస్తే, ఏ నీళ్ళలో, ఎంత మట్టి కింద, ఎన్ని తడుల దాకా అని అడగండి. జవాబు చెప్పగలిగినవాడి దగ్గరే కొనండి.

ప్రశ్నలు అడగదలచినవాళ్ళు ముందుకు రండి, మైకు ఇటే ఉంది.